ఆస్పత్రికని చెప్పి ఎడారికి

మా అక్క పోయి తొమ్మిది నెలలయింది. ఏడాది గడిచాక రాద్దామనుకున్నాను. ఆలోగా జ్ఞాపకాన్ని నాకు అనుకూలంగా మార్చేసుకుంటానని అనుమానం వచ్చి ఇప్పుడే రాస్తున్నాను.

అక్క నాకన్నా పదకొండేళ్ళు పెద్దది. గొలుగొండ దగ్గర చెరకు రైతుల ఇంటికి కోడలిగా వెళ్ళింది. ఆమెకు ముప్పై ఆరేళ్ళప్పుడు బావ ఆస్పత్రిలో పోయాడు. అప్పటికి నా పెళ్ళయి నాలుగు నెలలు. నేనే వెళ్ళి ఆమెను నర్సీపట్నం తీసుకొచ్చాను. ఆమెకు పిల్లల్లేరు, తర్వాత మాకూ కలగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఇంట్లో మేం ముగ్గురమే.

ఎక్కడికి వెళ్ళినా ముగ్గురం వెళ్ళేవాళ్ళం. తిరుపతి, అన్నవరం, అరకు. మా ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆమెకు ఎడారి చూడాలని ఉండేది. ఎందుకని అడిగితే, "ఏమీ లేని చోటు ఎలా ఉంటుందో చూడాలని" అనేది. ఒక రోజు బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "ఒక్కసారి మనిద్దరమే వెళ్దాం" అంది.

అక్కతో నువ్వు రావద్దని చెప్పడం నాకు చేతకాదు. అబద్ధం ఆలోచించింది నేనే. బావ పోయినప్పటి నుంచి అక్క ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. హైదరాబాదులో పరీక్షలంటే వెంట రాదు. నాకు జబ్బని చెబుదామన్నాను.

"జబ్బు మీకని చెబితే ఆవిడ ఆగరు. భయం దిగమింగుకుని మనకన్నా ముందు రైలెక్కేస్తారు," అంది మా ఆవిడ. "నాకని చెప్పండి."

అది నాకూ సరిగానే తోచింది. తమ్ముడి మీద ఉన్నంత ప్రేమ తమ్ముడి భార్య మీద ఉండదని, మాటల్లో పెట్టకుండానే ఇద్దరం ఒప్పుకున్నాం.

కడుపులో గడ్డ ఉందేమోనని డాక్టరు అనుమానపడ్డాడని చెప్పాను. అక్క చేతిలో పని ఆపి మా ఆవిడ వంక కాసేపు చూసింది.

"బేగి ఎల్లండి మరి. ఇల్లు నాను సూసుకుంటాను. దీన్ని ఒంటిగా వొగ్గీకు," అంది నాతో.

జైసల్మేరు దాటి జీపులో రెండు గంటలు పోయాక ఒక పల్లె. మట్టి గోడల గదిలో నాలుగు రోజులున్నాం. నాకు తెలిసిన ఇసకంతా ఏటి ఇసక, సముద్రపు ఇసక. దాని పక్కన నీళ్ళుంటాయి. ఇక్కడ లేవు. నాకు కనిపించిన తేడా అంతే. మా ఆవిడ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని నాకంటే ముందు నడిచేది. సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం రెండు పూటలా తినేది. చిన్నప్పటి సంగతులు, నేనెప్పుడూ విననివి, చెప్పుకుంటూ పోయేది. ఆమె అంత మాట్లాడుతుందని నాకు అప్పటిదాకా తెలీదు.

పల్లెలో సిగ్నల్ ఉండేది కాదు. సాయంత్రం ఒక ఇసక దిబ్బ ఎక్కితే దొరికేది. అక్కడి నుంచి అక్కకు ఫోను చేసేవాణ్ణి.

"ఏటన్నారు డాక్టర్లు?"

"ఇంకా పరీక్షలు చేస్తున్నారక్కా."

"ఆ హోరేటిరా?"

"ఏసీ. ఇక్కడంతా ఏసీలే."

"అంత గాలైతే దానికి జలుబు సేస్తాది. దుప్పటి కప్పుకోమని సెప్పు."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోను పెట్టేయగానే ఇద్దరం ఇసకలో కూలబడి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాం. పెళ్ళయ్యాక మేం అలా నవ్వుకోవడం అదే మొదలు. అందుకే ఆ నవ్వును ఇప్పటికీ పూర్తిగా అసహ్యించుకోలేకపోతున్నాను.

తిరిగొచ్చాక అక్క మా ఆవిడ గడ్డం పట్టుకుని చూసింది. "మొకం ఇలా నల్లబడిపోనాదేటే?"

"మందుల వేడి వదినా," అంది మా ఆవిడ.

గడ్డ లేదన్నారని నేను చెప్పాను. అక్క గోడ పట్టుకుని మెల్లిగా కూర్చుంది. అప్పుడు చెప్పింది. ఉపమాక వెంకటేశ్వరస్వామికి మొక్కుకుందట. మరదలికి ఏమీ లేదంటే ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ కొండెక్కుతానని. మేం లేనన్ని రోజులూ ఒంటిపూటే తిన్నదట.

"నీ మోకాళ్ళతోనా?" అన్నాను. మా ఇంటి గుమ్మం దగ్గర ఉన్న రెండు మెట్లకే ఆమె గోడ పట్టుకునేది.

"మోకాళ్ళు మంచివైతే అదేటి మొక్కు?"

మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను.

"ఆపండి," అంది.

"ఎలా?"

"నిజం చెప్పి."

చూద్దామన్నాను. శనివారం దాకా చూస్తూనే ఉన్నాను. శనివారం ముగ్గురం ఉపమాక వెళ్ళడానికి నక్కపల్లి బస్సెక్కాం.

అక్క ప్రతి మెట్టు దగ్గరా వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక చేయి మోకాలి మీద ఆనించి లేచేది. పళ్ళెం నేను పట్టుకున్నాను. పడిపోతే పట్టుకోవడానికి మా ఆవిడ వెనకాల నడిచింది. పైనుంచి దిగుతున్న ఒక ముసలావిడ ఆగి, "కూతురి గురించేటమ్మా?" అని అడిగింది.

"కూతురే అనుకో," అంది అక్క.

సగం ఎక్కాక కూర్చుండిపోయింది. కాళ్ళు వణుకుతున్నాయి.

"ఇక్కడితో చాలక్కా. దేవుడు ఏమీ అనుకోడు."

"నీతో సెప్పాడేటి?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చుట్టూ జనం ఉన్నారని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె లేచి మిగతా మెట్లన్నీ పూర్తి చేసింది. పైన మా ఆవిడను స్వామి ఎదురుగా నిలబెట్టి, తను పక్కకు తప్పుకుంది. అక్క మొహంలో అంత సంతోషం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

మర్నాటికి మోకాళ్ళు వాచిపోయాయి. మధ్యాహ్నం నేను నూనె రాస్తూ ఇంక మొయ్యలేక చెప్పేశాను. జబ్బు లేదని, ఆస్పత్రికి వెళ్ళలేదని, ఎడారి చూడ్డానికి వెళ్ళామని. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"ఎడారంటే ఇసకేనా?"

"అవును."

"దానికి అబద్ధమెందుకురా?" అంది. తర్వాత నెమ్మదిగా, "నానొస్తాననా?" అంది.

కాదని చెప్పాల్సింది. అన్ని అబద్ధాలు చెప్పినవాణ్ణి ఆ ఒక్కటీ చెప్పలేకపోయాను. నా చేతులు ఆమె మోకాలి మీదే ఉండిపోయాయి.

"నూనె సాలు," అంది.

ఆ తర్వాత అయిదు నెలలు బతికింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా ఆవిడ తలకు ఎప్పటిలాగే ఆదివారాలు నూనె పెట్టింది. కాని సాయంత్రాలు ముందు గదిలో కూర్చోవడం మానేసింది. అటు రావాల్సివస్తే గుమ్మం అవతలే ఆగి దగ్గేది. ఈసారి మీరు ఎక్కడికంటే అక్కడికి వెళ్దామని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. "మీరిద్దరూ ఎల్లి రండమ్మా," అంది రెండుసార్లూ.

ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. డాక్టరు గుండె అన్నాడు. నేను అడగ్గా, మెట్లకూ దానికీ సంబంధం లేదన్నాడు. మెట్ల సంగతి అలా తేలిపోయింది. నూనె రాసిన మధ్యాహ్నం సంగతి నేను ఏ డాక్టర్నీ అడగలేను. కొండ దిగొచ్చిన మనిషి సంతోషంగా ఉంది. నా బరువు దించుకోవడానికి ఆ సంతోషాన్ని తీసేశాను.

పోయే ముందు రోజు సాయంత్రం మేమిద్దరం ముందు గదిలో టీ తాగుతున్నాం. గుమ్మం అవతల దగ్గు వినిపించింది.

"లోపలికి రండి వదినా. మీ ఇంట్లో మీరు దగ్గడమేమిటి?" అంది మా ఆవిడ.

"ఏటైనా మాటాడుకుంటన్నారేమోనని," అంది అక్క.

మేం ఏమీ మాట్లాడుకోవడం లేదు.