ఖాళీ గిన్నె తిరిగి వెళ్లిన శనివారం

నా మనవరాలు డాక్టర్ చదువు ప్రవేశ పరీక్ష కోసం నాందేడ్‌లోనే కోచింగ్‌కు వెళ్తోంది. నాడీకణాల పాఠం మీద పెట్టిన పరీక్ష వరుసగా రెండు ఆదివారాలు తప్పింది. మూడోసారీ తప్పితే కింది బ్యాచ్‌లోకి పంపుతామన్నాడు అక్కడి సార్. గురువారం నలభై నిమిషాలు ఒకే పేజీ ముందు కూర్చుంది. తొమ్మిది ఆవులింతలు. లెక్కపెట్టాను.

“ఏముందే అందుల?”

“ఒక కణం ఇంకో కణానికి కబురు చెప్పుడు, నానమ్మా. రెండు తీర్లు. ఒకటి కరెంటుతోని, ఒకటి రసాయనంతోని.”

పేజీ మొత్తం చదివించుకున్నాను. మొదటి రకంలో రెండు కణాల మధ్య సన్నని దారులుంటాయట. కరెంటు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నేరుగా దాటుతుంది. రెండో రకంలో మధ్య ఖాళీ ఉంటుంది. కరెంటు అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. అప్పుడు కణం చిన్న సంచుల్లోని రసాయనాన్ని ఖాళీలోకి ఒలకబోస్తే అవతలి కణం అందుకుంటుంది. కాస్త ఆలస్యం.

దీనికి అంత లావు పుస్తకం దండగ. మా వంటింటి గోడకు అవతల మా యారాలు, అంటే మా మరిది భార్య, ఉంటుంది. గోడలో కిటికీ. అందులోంచి ఒకప్పుడు ఉప్పు, చాడీలు రెండువైపులా క్షణంలో దాటేవి. తర్వాత ఆమె కొడుకు పుట్టింది మంగళవారమని ఆమె, బుధవారమని నేను పంతం పట్టాం. నేను దెగ్లూర్ నుంచి బస్సులో వచ్చి బిడ్డను చూసింది ఆ బుధవారమే, రాసి పెట్టుకున్నాను. పదకొండేళ్లుగా కిటికీ మూత. మాటల్లేవు, కానీ తీపి చేస్తే గిన్నె మాత్రం వీధి చుట్టి వస్తుంది. ఖాళీ గిన్నె వెనక్కి పంపడం మాలో అవమానం. కనీసం గుప్పెడు చక్కెరైనా వేసి పంపుతాను.

“కిటికీ కరెంటు. గిన్నె రసాయనం. అయిపాయె,” అన్నాను.

శనివారం పిల్ల ఇంట్లో మాదిరి ప్రశ్నలు చేస్తూ, రసాయనం కబురు రెండువైపులా పోతుందని గుర్తు పెట్టింది. తప్పు.

“గట్లెట్ల పెట్టినవే?”

“నీ వల్లనే! గిన్నె నింపుకొని వాపస్ పోతదంటివి. అసలుకైతే కబురు ఒక్క దిక్కే పోతది. మిగిలిన రసాయనాన్ని పంపిన కణమే వాపస్ గుంజుకుంటది. అవతలిది ఏం నింపి పంపది. ఇప్పుడు కండ్లు మూస్తే నిండు గిన్నెనే కనవడుతాంది.”

నా లెక్క తప్పడం నాకు అలవాటు లేదు. తెల్లారితే పరీక్ష. అదే సాయంత్రం యారాలింటి నుంచి పోలెల గిన్నె వచ్చింది, అంటే బొబ్బట్లు. తిన్నాం. గిన్నె కడిగి, ఖాళీగా పిల్ల చేతికిచ్చాను.

“ఏందిది నానమ్మా? చిన్ననానమ్మ సంపుతది!”

“ఖాళీది యాదుంచుకో. పో.”

నాలుగు నిమిషాలు. గొళ్లెం ఊడినంత చప్పుడుతో కిటికీ తెరుచుకుంది, అవతల యారాలు.

“అక్కా! ఇంట్ల చక్కెర సుత లేదా? సచ్చినవా ఏంది?”

“సస్తే గిన్నె ఎవరు కడిగిర్రే?”

గంటన్నర ఒకరి మాట మీద ఒకరం పడ్డాం. పిల్ల కిటికీ పక్కన నిలబడి, “బరోబర్, ఇది కరెంటు!” అని నవ్వింది.

ఆదివారం అదే ప్రశ్న వచ్చింది. ఒక్క దిక్కే అని పెట్టింది, బ్యాచ్ నిలిచింది. కిటికీ ఇంకా మూయలేదు. వాడు పుట్టింది మాత్రం బుధవారమే.