నల్ల తెర మీద పడ్డ నింద

మా చిన్నకోడలిని ఆమె పనిచేసేచోట నల్లతెర అని పిలుస్తారు. చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసిపెట్టే గ్రంథాలయం అది. మిగతావాళ్లు కంప్యూటరులో బాణం తిప్పుతూ ఫైళ్ల కోసం వెతుకుతుంటే, ఆమె ఒక నల్లటి తెర తెరిచి అందులో ఒక్క వరస టైపు చేస్తుంది. ఫలానా నెల తర్వాత పుట్టిన ఫైళ్లు వెతుకు, పాతవి ముందు పెట్టు అని దాని భాషలో చెబుతుంది. "ఫైండ్" అంటే వెతుకుతుంది, "సార్ట్" అంటే వరసపెడుతుంది. పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని, ఒంటిచేత్తో టైపు చేసి నేర్చుకున్న పని అది. మెచ్చుకోవాల్సింది పోయి పేరుపెట్టి నవ్వుకున్నారు.

అక్కడ పుస్తకాలు చదివేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా చదువు పల్లెటూరి బడిలోనే. అయినా చుట్టుపక్కల బడులన్నిటి మీద వాచకం చదవడంలో మొదటి బహుమతి నాది. తర్వాత బస్టాండులో ప్రకటనలు చెప్పాను. మైకు చెడిపోయిన రోజున కూడా నా గొంతు చిట్టచివరి బస్సు దాకా వెళ్లింది. నేనున్నంతకాలం వినపడక బస్సు తప్పిపోయానన్నవాడు లేడు. రిటైరయ్యాక ప్రతి మంగళవారం పొద్దున ఇక్కడి గాజు గదిలో కూర్చుంటున్నాను.

గ్రంథాలయం కార్యదర్శి బట్టల కొట్టు నడిపి మానేసిన పెద్దమనిషి. ఆయనకు సర్దుడు పిచ్చి. ఒక ఆదివారం ఒక్కడే వచ్చి, పుస్తకానికో ఫోల్డరు దేనికి, అన్నీ ఒకేచోట ఉంటే ముచ్చటగా ఉంటుంది కదా అని మొత్తం లాగి ఒకే ఫోల్డరులో పోశాడు. ప్రతి పుస్తకంలోనూ "పాఠం ఒకటి", "పాఠం రెండు" అనే పేర్లే. ఈ పేరుతో ఇంకొకటి ఉంది, దాని మీద వెయ్యనా అని కంప్యూటరు అడిగింది. అన్నిటికీ అవునని నొక్కాడు. పుస్తకాన్ని పుస్తకం మింగేసింది.

మర్నాడు ఒక అమ్మాయి ఫోను చేసింది. చూపు లేని పిల్ల. టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుతోంది, ఆ వారంలోనే పరీక్ష. నేను చదివిన చరిత్ర పాఠం పెడితే కోళ్ల పెంపకం గురించి వస్తోందని చెప్పి ఏడ్చేసింది.

కార్యదర్శి అందరినీ పిలిచాడు. "నేను సర్దానంతే. చెరిపింది ఆ నల్ల తెరే. ఈవిడ అందులో ఏం కొడుతుందో ఎవరికి తెలుసు?"

"నేనేం కొట్టానో అది గుర్తుపెట్టుకుంటుందండీ, కావాలంటే చూపిస్తాను" అంది కోడలు. "మీరేం నొక్కారో మాత్రం మీరే గుర్తుపెట్టుకోవాలి."

"చూశారా ఆ నోరు" అన్నాడాయన.

రెండో నకలు దాచడానికి ఒక డిస్కు కొనిపెట్టమని ఈమె ఎన్నిసార్లు అడిగిందో నాకు తెలుసు. "చూద్దాంలేమ్మా" అన్న మాట తప్ప డిస్కు వచ్చింది లేదు. అలాంటి మనిషి నా కోడలివైపు దొంగను చూసినట్టు చూస్తాడా? ఒళ్లు మండిపోయింది.

అదృష్టం కొద్దీ, రికార్డు చేసే యంత్రంలో ఉన్నవి తుడిచేసే ముందు ఆమె వాటిని ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక పాత డిస్కులోకి ఎత్తిపెట్టేది. వాటికి పేర్లు లేవు, యంత్రం వేసిన అంకెలే. అందరి గొంతులూ కలగాపులగం.

"మావయ్యా, చరిత్ర ఎప్పుడు మొదలుపెట్టారు?"

"వానలు మొదలైన నెలలో."

"అన్నీ మంగళవారాలేనా?"

"ఎప్పుడైనా తప్పానా నేను?"

ఆ నెల నుంచి మంగళవారం పొద్దుటిపూట రికార్డయినవన్నీ వెతికి, తేదీల వరసలో పెట్టమని టైపు చేసింది. తెర మీద అంకెలు జలజలా రాలాయి. విని చూస్తే నా గొంతే, పాఠాల వరసలోనే. పదకొండో పాఠం ఒక్కటే లేదు. ఆ రోజు యంత్రం రిపేరుకు వెళ్తే నేరుగా కంప్యూటరులోకే చదివాను.

"అది మళ్లీ చదవాలి మావయ్యా. ఇప్పుడే."

"చదవను. ఆయన అందరి ముందు తప్పు ఒప్పుకునేదాకా ఆ గది గడప తొక్కను."

"బాగుంది. ఆ పాఠంలోంచి ప్రశ్న వస్తే మా మావయ్యగారు అలిగారని రాసి రమ్మనమంటారా ఆ పిల్లని?"

"నీ మీద నింద వేశాడే."

"నా మీదే కదా వేశాడు. మధ్యలో ఆ అమ్మాయి ఏం చేసింది?"

వెళ్లి గాజు గదిలో కూర్చున్నాను. ఒక రాజు సొంత మంత్రినే కారాగారంలో పెట్టించిన పాఠం అది. రాజు మాటలు వచ్చిన చోటల్లా నా గొంతు దానంతటదే లేచింది. సాయంత్రానికల్లా పాఠాలన్నీ ఆ అమ్మాయికి చేరాయి.

తర్వాతి సమావేశంలో కార్యదర్శి, "నా పర్యవేక్షణలో పాఠాలు తిరిగి దొరికాయి" అని నివేదిక చదివాడు. కోడలి ఊసే లేదు. క్షమాపణ సంగతి సరేసరి. నేను లేచి అడగబోతుంటే కోడలి ఫోను మోగింది. ఆ అమ్మాయే. తాతగారితో మాట్లాడాలంది.

"పదకొండో పాఠంలోంచి పెద్ద ప్రశ్నే వచ్చింది తాతగారూ. బాగా రాశాను. ఆ పాఠం ఎవర్నో తిడుతున్నట్టు చదివారు, ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు."

"తిట్టానమ్మా" అన్నాను. "మా కార్యదర్శిగారిని తిట్టాను. ఆ పాఠాలు చెరిపింది ఆయన. వెతికి తెచ్చింది మా కోడలు."

ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. నేను గొంతు తగ్గించలేదు.