ఎదుటి షెడ్డులో స్కానర్

పొద్దున షెడ్డు తెరవగానే ఆ మెకానిక్ మొదట లెక్కపెట్టేది ఎదురుగా ఉన్న బావమరిది షెడ్డు ముందు ఆగిన బళ్లను. ముప్పై ఏళ్లుగా పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి బండి జబ్బు చెప్పిన మనిషి ఆయన. తన దగ్గరే పని నేర్చుకున్న బావమరిది ఇప్పుడు బండికి కంప్యూటర్ స్కానర్ తగిలించి, కుర్చీలోంచి లేవకుండానే చెప్పేస్తున్నాడు. అది కుయ్యిమన్నప్పుడల్లా ఇక్కడ ఈయన సుత్తి గట్టిగా పడుతుంది.

ఒకరోజు పాత ఎస్‌యూవీ ఒకటి వచ్చింది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టే సెన్సర్ పోయిందని స్కానర్ చూపిస్తే ఎదుటి షెడ్డులో రెండుసార్లు మార్చారట. అయినా డాష్‌బోర్డు మీద పసుపు లైటు ఆరలేదు. ఆ మాట వినగానే ఆయనకు కడుపు నిండినంత పనైంది. బండి స్టార్ట్ చేయించి, గొట్టం అతుకుల మీద సబ్బునీళ్లు చల్లాడు. సెన్సర్‌కు కాస్త ముందున్న అతుకు దగ్గర బుడగలు లేచాయి.

"సెన్సర్ బాగానే ఉందండీ. ఈ సందులోంచి బయటి గాలి దూరుతుంటే పాపం దాన్ని మార్చి ఏం లాభం?" అన్నాడు, రోడ్డవతలికి వినపడేలా.

"ఆయనే పంపారండీ," అన్నాడు బండాయన. "నావల్ల కాలేదు, మా బావకైతే ఇట్టే తెలిసిపోతుంది, అక్కడికే వెళ్లండన్నారు."

ఆ రోజంతా ఎదుటి షెడ్డులో స్కానర్ ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు. అయినా సుత్తి గట్టిగానే పడింది.