మెట్ల కింద మువ్వలు

అక్టోబరులో మొదటిసారి హీటర్ వేసినప్పుడు నేలలోని వేడిగాలి జాలీల్లోంచి కాలిన దుమ్ము వాసన వస్తుంది. షాంటిలీలో మేమిప్పుడు ఉంటున్న ఇంట్లో ఆ వాసన తగలగానే మా వారు తుమ్ముతారు, నేను మాత్రం టీవీ ఆపేసి కాసేపు చెవులు రిక్కించి కూర్చుంటాను. ఎందుకని ఆయన అడగరు, నేను చెప్పను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మిషిగన్‌లో, నోవైలో ఉండేవాళ్ళం. ఆ చలికాలం తమ్ముడు రిషికి పదకొండు నెలలు నిండాయి. వాడికి నడక నేర్పడానికే అన్నట్టు అమ్మమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. కిటికీల్లో సగం దాకా మంచు, లోపలి వేడికి పగిలిన పెదాలు, ఇంగువ వాసన పట్టేసిన నా స్కూలు కోటు, బల్లల మూలలన్నిటికీ అమ్మమ్మ చుట్టిన పాత చీర ముక్కలు, వీటి మధ్య వాడు తప్పటడుగులు వేసేవాడు. నేనేమో వాడి రెండు చేతులూ పట్టుకుని బరబరా ముందుకి లాగేదాన్ని.

"అట్టా లాగమాకే, భుజం జారుద్ది. వేలు ఇయ్యి, ఆడే పట్టుకుంటాడు. ఆ సాక్సులు కూడా తీసెయ్యి," అనేది అమ్మమ్మ.

వాడి కాళ్లకి నల్లబడ్డ పాత వెండి మువ్వలు కట్టింది. అవి వినపడినంతసేపూ వాడికేం భయం లేదని నాతో చెప్పింది. స్కూలు నుంచి వచ్చాక వాటిని వింటూ కూర్చోవడం నా ఉద్యోగం. జీతం లేదు గానీ పెత్తనం బాగానే ఉండేది.

ఒక శుక్రవారం వాడు ఎవరినీ పట్టుకోకుండా నాలుగడుగులు వేశాడు. ఆదివారం అమ్మమ్మ అడుగులకు అరిసెలు వండింది. పొగకి అలారం మోగకుండా నాన్న దాన్ని ఊడదీశాడు, తెరిచిన కిటికీలోంచి మంచుగాలీ, పొయ్యి మీంచి బెల్లప్పాకం వాసనా కలిసి ఇల్లంతా తిరిగాయి. చల్లారిన అరిసెల మీద తమ్ముణ్ణి నడిపించారు, వాడు నువ్వులు తొక్కి కిలకిలా నవ్వాడు. అరిసెలు పంచడానికి అమ్మానాన్నా ఆంటీల ఇళ్లకి బయల్దేరారు. అమ్మమ్మ వంటింట్లో మూకుడు కడుగుతోంది. నేను బేస్‌మెంట్‌కి వెళ్ళి నా రంగుపెన్సిళ్లు తెచ్చుకుని, పిల్లలు పడకుండా మెట్ల పైన పెట్టిన గేటు వేయడం మరచిపోయి, సోఫా పక్కన కూర్చున్నాను.

మువ్వలు ఘల్లుమంటూనే ఉన్నాయి. ఒకటి, ఆగి మరొకటి, నడక వచ్చిన పిల్లవాడి చప్పుడు. బొమ్మ వేసుకుంటూ నిశ్చింతగా వింటున్నాను. చాలాసేపటికి గాని తట్టలేదు, అవి నా కాలి పక్కనున్న జాలీలోంచి, ఇంటి కింద నుంచి వస్తున్నాయని.

పరుగెత్తాను. తమ్ముడు మెట్ల అంచున నిలబడి ఉన్నాడు. ఒక కాలు గాలిలో ఉంది. ఎవరి వేలో పట్టుకున్నట్టు చెయ్యి ముందుకి చాచి కింది చీకట్లోకి చూసి నవ్వుతున్నాడు. చొక్కా పట్టి వెనక్కి లాగాను. అప్పుడు చూశాను, వాడి కాళ్లకి మువ్వలు లేవు. అరిసెల పిండి అంటిందని అమ్మమ్మ తీసి కడిగి వంటింటి కిటికీలో ఆరబెట్టింది. కింద మాత్రం ఇంకో రెండుసార్లు మోగి ఆగాయి.

నా కేక విని వచ్చిన అమ్మమ్మకి అంతా చెప్పాను. ఆమె గేటు వంక కూడా చూడలేదు.

"మీ అమ్మ కంటే ముందు ఒకడుండేవాడు. ఆ మువ్వలు ఆడియ్యే. నడకొచ్చిన వారానికే..." అని ఆగిపోయింది.

మోకాళ్ల నొప్పులతో ఏనాడూ బేస్‌మెంట్ దిగని మనిషి, ఒక అరిసె పట్టుకుని మెట్టు మెట్టుకీ కూర్చుంటూ దిగింది. కింద ఎవరినో లాలిస్తున్న ఆమె గొంతు వినపడింది. "తమ్ముడు కాదురా, నీ మేనల్లుడు. ఆణ్ణి పిలవమాక."

అమ్మానాన్నా వచ్చాక, గేటు వేయడం తనే మరచిపోయానని అమ్మమ్మ చెప్పింది. నేను నోరు తెరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ రోజు నుంచి నాన్న పిల్లాణ్ణి ఆమె దగ్గర ఒంటరిగా వదల్లేదు. నడక నేర్పడానికి వచ్చిన మనిషి మిగిలిన రెండు నెలలూ సోఫాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిజం చెప్పేస్తే అయిపోయేది. తిడతారని భయపడ్డాను, అంతే.

ఆ ఇల్లు అమ్మేశారు. అమ్మమ్మ మళ్ళీ రాలేదు, ఇప్పుడు ఆమే లేదు. మొన్న సెలవులకి వచ్చిన రిషి అన్నం తింటూ, "అమ్మమ్మ గేట్ క్లోజ్ చేయలేదు అంట, నేను ఆల్మోస్ట్ పడిపోయాను అంట కదా అక్కా," అన్నాడు. మా ఇంట్లో అదొక పాత జోకు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.