వేసవి చీటీలు

బందరులో మా పేటలో ఒక మాట తిరుగుతోంది. ఎస్తేరు అనే ఏడేళ్ళ పిల్లకు చదవడం రావడం లేదని, దాన్ని మళ్ళీ ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టమని బడికి చెప్పింది నేనేనట. అది నిజం కాదు. నేను అలా చెప్పలేదు, ఎన్నటికీ చెప్పను. ఈ సంగతి ముందుగా చెప్పకపోతే, మరణించిన పెద్ద టీచరు గారి గురించి నేను రాసే ప్రతి మంచి మాటా చదివేవారికి ఏదో కప్పిపుచ్చుకోవడంలా కనిపిస్తుంది.

పెద్ద టీచరు గారు పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం ప్రార్థన గంట కొట్టించి, తన గదిలో కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఇప్పుడు బడికి ఇన్‌ఛార్జిగా ఉన్న టీచరమ్మ ఫోను చేసి "లెక్చరరు గారూ, మా మేడమ్ గారు..." అని ఆగిపోయింది. అంతకు మించి చెప్పనక్కర్లేకపోయింది. రెండు వీధులు దాటి బడి గేటులో అడుగు పెట్టాక గాని నా కాళ్ళకు చెప్పులు లేవన్న సంగతి నాకు తెలియలేదు. డెబ్భై మూడేళ్ళలో నేను అలా వీధిలో నడిచింది ఆ రోజే.

మా పరిచయం గుడివాడ ప్యాసింజరులో మొదలైంది. నేను గుడివాడలో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఆమె గుడ్లవల్లేరులో చిన్న పిల్లలకు అక్షరాలు చెప్పేవారు. ఒకనాడు పెట్టెలో మా ఎదురుగా ఒక చిన్నపిల్ల కిటికీకి అతుక్కుని కూర్చుంది. రైలు పెడనలో ఆగగానే ఆమె బోర్డు చూపించి చదవమన్నారు. పిల్ల "పె..." దగ్గర చిక్కుకుపోయింది.

"తొందరేం లేదమ్మా, నిదానంగా చదువు. బోర్డు ఎక్కడికీ పోదు."

"రైలు పోద్ది కదండీ!" అంది ఆ పిల్ల.

పెట్టెంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "చూశారా, ఇంత తెలివిగలది, ఇంకో ఆర్నెల్లకు చదవకేం చేస్తుంది?" అన్నారు. ఆ వాక్యం విని ఆమెతో స్నేహం చేశాను. ఆమె మీద నాకు కలిగిన నమ్మకమంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తరువాత ఆమె బందరులోనే ఒక చిన్న ప్రైవేటు బడికి ప్రధానోపాధ్యాయిని అయ్యారు. ముప్పై ఏళ్ళు దాటినా మేమిద్దరం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకోలేదు. ఆమెకు నేను లెక్చరరు గారిని, నాకు ఆమె టీచరు గారు. ఆమె బల్ల సొరుగులో సుద్దముక్కలకంటే ముందు దువ్వెన, కొబ్బరినూనె సీసా, పిన్నీసులు, తెగిన గుండీలు, సూది, దారం ఉండేవి. ఆలస్యంగా వచ్చిన ఆడపిల్లకు ముందు జడ వేసి, ఆ తరువాత కోప్పడేవారు. "చింపిరి తలతో తిట్లు తింటే అవమానమండీ, జడేసుకుని తింటే క్రమశిక్షణ" అనేవారు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి నాగాయలంకలో తల్లిగారి దగ్గరకు వెళ్ళి, సోమవారం తెల్లవారుజాము బస్సుకు వచ్చేవారు. వస్తూ నాకు ఎండురొయ్యల పొట్లం తెచ్చేవారు. నేను తినను. తీసుకుని పక్కింటికి ఇచ్చేదాన్ని. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా తెచ్చేవారు, నేనూ తీసుకునేదాన్ని.

ఒకరి సాయం పుచ్చుకోవడం నా స్వభావంలో లేదు. ఒంటరిగా బతకడం నేను ఎంచుకున్నది. దానికి నన్ను ఎవరూ ఓదార్చవలసిన పని లేదు. అయితే నా కంటికి శుక్లాల ఆపరేషను అయిన పది రోజులూ ఆమె సాయంత్రం వచ్చి నాకు దినపత్రిక చదివి వినిపించారు. నేను అడగలేదు. ఆమె తలుపు తోసుకుని వచ్చి, పడక కుర్చీ లాక్కుని, పతాక శీర్షికతో మొదలుపెట్టి సంపాదకీయం దాకా చదివేవారు. మరణ వార్తలు దాటవేసేవారు. ఆ పేజీ తిప్పిన చప్పుడు నాకు తెలిసేది. అక్షరం కళ్ళకు అందని మనిషి పక్కవాళ్ళ గొంతు మీద ఎంతగా ఆధారపడుతుందో ఆ పది రోజుల్లో నాకు అర్థమైంది. నేను ఉద్యోగ విరమణ చేశాక ఆమె అడిగిన పనికి ఒప్పుకోవడానికి అదీ ఒక కారణం.

"ఎమ్మే వాళ్ళకు చెప్పారు. ఇప్పుడు ఒకటో తరగతి వాళ్ళకు చెప్పండి చూద్దాం. దమ్ముందా?" అన్నారు.

"ఓపికుందా అని అడగండి" అన్నాను.

అలా ప్రతి వేసవిలోనూ, చదవడంలో వెనకబడిన నలుగురైదుగురు పిల్లలను మా వరండాలోకి పంపేవారు. నేను వాళ్ళ చేత రోజూ గంట చదివించేదాన్ని. బడి తెరిచే ముందు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క చీటీ, గోడ క్యాలెండరు పాత కాగితాల వెనుక రాసి ఆమెకు ఇచ్చేదాన్ని. పై సగంలో పిల్లకు ఏమేమి ఇంకా రాలేదో, కింది సగంలో ఏమేమి వచ్చో, ఎలా చెబితే వస్తుందో రాసేదాన్ని. ఆ చీటీ పై తరగతి టీచరు కోసం. నేను ఆపిన చోట ఆమె అందుకోవాలని. నలభై ఏళ్ళు పరీక్ష పత్రాలు దిద్దిన చెయ్యి కనుక రానిది రాలేదని నిర్మొహమాటంగా రాసేదాన్ని. ఆ నిక్కచ్చితనానికి నేను గర్వపడేదాన్ని.

పిల్లలను అదే తరగతిలో ఆపే విషయంలో మాకు ఒకప్పుడు వాదన జరిగింది. ఆమెది దివిసీమ రైతు కుటుంబం. "లేత నారు పీకి నాటితే నిలబడదండీ. ఒక ఏడు ఆగితే గట్టిపడుతుంది" అన్నారు. మాదీ ఉయ్యూరు పక్కన వ్యవసాయమే. "నారుమడిలో ముదిరిపోయిన నారు నాటినా పిలక వెయ్యదు టీచరు గారూ. మీకు తెలియనిదా?" అన్నాను. ఆమె చివరికి, "సరే లెండి. మీ వరండాకు పంపిన పిల్లను నేను ఆపను. మాట" అన్నారు. ఆ మాట పట్టుకుని నేను ఎందరో తల్లులతో, మీ పిల్ల పైకి వెళుతుంది, నాది పూచీ అని చెప్పాను.

ఈ వేసవిలో వచ్చిన పిల్ల ఎస్తేరు. వాళ్ళ నానమ్మ బడి సందు మొగలో ఇడ్లీ బండి నడుపుతుంది. పిల్ల కథ ఒక్కసారి వింటే చాలు, ఒక్క ముక్క పొల్లుపోకుండా తిరిగి చెబుతుంది. పుస్తకం ముందు పెడితే వరస తప్పుతుంది, పై పంక్తిలోంచి కింది పంక్తిలోకి జారిపోతుంది. వేలి కింద చీపురుపుల్ల పెట్టి, గొణుక్కుంటూ చదవనిస్తే కాస్త నిలుస్తుంది. మే నెల చివర్లో అలా ఒక పేజీ మొత్తం చదివింది. ముప్పావుగంట పట్టింది. చెమటతో పుల్ల జారిపోతే గౌనుకు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. నేను "బాగుంది" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

బడి తెరిచాక సాయంత్రాలు కూడా వస్తానన్న పిల్ల రాలేదు. పెద్ద టీచరు గారిని అడిగితే, "ఊరెళ్ళారటండీ" అన్నారు. నమ్మాను.

పెద్ద టీచరు గారిని నాగాయలంకకు తీసుకువెళ్ళే ముందు బడి వరండాలో పడుకోబెట్టారు. అక్కడ ఎస్తేరు నానమ్మ కనిపించింది. పలకరించబోతే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"పిల్లేది? ఊరినుంచి వచ్చారా?"

"మేమెక్కడ ఊరెళ్ళామండీ? బండి రోజూ పెడతానే ఉన్నాను" అంది. ఆ తరువాత గొంతు తగ్గించి, "చదువుకున్నోళ్ళు, మీకెదురు చెప్పేంత దాన్ని కాదు. కానీ మా పిల్లని మళ్ళీ ఒకట్లో వెయ్యమని రాసిచ్చేటప్పుడు, నాకో ముక్క చెప్తే పోయేదేముందండీ? దాని వెనకోళ్ళంతా దాన్ని అక్కా అని ఏడిపిస్తన్నారు" అంది.

ఎదురుగా నా స్నేహితురాలు పడుకుని ఉన్నారు. అడగడానికి వీల్లేదు. అంత్యక్రియలకు నాగాయలంక దాకా బస్సులో వెళ్ళాను. వెళ్ళేటప్పుడు గాని, వచ్చేటప్పుడు గాని నాకు కన్నీరు రాలేదు. దానికి కూడా ఎవరో కారణం కల్పించే ఉంటారు.

మూడో రోజున బడికి వెళ్ళి చీటీ చూపించమన్నాను. ఇన్‌ఛార్జి టీచరమ్మ తటపటాయించి ఫైలు తీసింది. ఎస్తేరు కాగితాలకు నా చీటీ పిన్ను చేసి ఉంది. పై సగం మాత్రమే ఉంది. కింది సగాన్ని, "పుల్ల పెట్టి చదవనివ్వండి, రెండో తరగతిలో ఇక్కడినుంచి అందుకోండి" అని నేను రాసిన భాగాన్ని, కత్తెరతో తిన్నగా కత్తిరించేశారు. మిగిలిన అంచు మీద పెద్ద టీచరు గారి గుండ్రని చేతిరాత: "పై అభిప్రాయం ప్రకారం ఒకటో తరగతిలో కొనసాగించడమైనది."

"ఎందుకమ్మా?" అన్నాను.

"రెండులో వెనకబడ్డ పిల్లలుంటే బడికి పేరు పోతుందని మేనేజ్‌మెంటు వాళ్ళు ఒకటే గొడవండీ. తల్లిదండ్రులు మేడమ్ గారితో అయితే వాదిస్తారు. మీ పేరు చెప్తే తల వంచుకుని పోతారని..." ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. "ఈ ఒక్క ఏడే కాదండీ."

ఎన్ని ఏళ్ళని నేను అడగలేదు. నా పేరుకు అంత విలువ ఉన్నందుకు ఇన్నాళ్ళూ లోపల్లోపల పొంగిపోయినదాన్ని నేనే. ఆ విలువను ఆమె దేనికి వాడారో చూశాను. నాతో పోట్లాడి ఉంటే భరించేదాన్ని. నాకిచ్చిన మాట వెనక్కు తీసుకుంటున్నానని నా మొహం మీద చెప్పి ఉంటే గౌరవించేదాన్ని. నాకు నవ్వుతూ ఎండురొయ్యలు తెచ్చిన చేతితోనే కత్తెర పట్టారు. పోట్లాడదామంటే మనిషి లేరు.

ఆ సాయంత్రం ఇడ్లీ బండి దగ్గరకు వెళ్ళాను. ఎస్తేరు గిన్నెలు తుడుస్తోంది. నన్ను చూసి తుడవడం ఆపలేదు.

"మామ్మగారూ, నేను మీకు పేజీ అంతా చదివి చూపించాను కదండీ."

"చూపించావు."

"బాగుందన్నారు కదండీ."

"అన్నాను."

"మరి రాలేదని ఎందుకు రాశారు?"

కింది సగం సంగతి ఆ పిల్లకు ఎలా చెప్పను? పై సగం రాసింది నేనే. అందులో ప్రతి అక్షరమూ నిజం. ఏడేళ్ళ పిల్లకు ఎదురుగా ఒక మాట చెప్పి, కాగితం మీద మరొకటి రాశాను. పెద్ద టీచరు గారు నాకు చేసినది ఎలాంటిదో, ఆ పిల్ల దృష్టిలో నేను దానికి చేసినదీ అలాంటిదే.

ఇన్‌ఛార్జి టీచరమ్మ ఒక దారి చూపించింది. "చదవడం వచ్చేసిందని ఒక్క ముక్క రాసివ్వండి. రేపే రెండులో కూర్చోబెట్టేస్తాను."

"రాలేదమ్మా. రానిది వచ్చిందని రాయను. రాకపోయినా అది రెండులోనే కూర్చోవాలి."

"అలా ఎలాగండీ? పక్కనుండి చూసుకునేదెవరు?"

పెద్ద టీచరు గారి సంస్మరణ సభ రేపు సోమవారం పదకొండు గంటలకు ఒక హాల్లో జరుగుతుంది. నన్ను అధ్యక్షత వహించమన్నారు. రాలేనని ఉత్తరం పంపాను. ఆమె పట్ల నాకున్న కృతజ్ఞత అబద్ధం కాదు. ఆమెను క్షమించానన్న మాట మాత్రం అబద్ధమవుతుంది. మైకు ముందు ఆ రెండూ ఒకే నోటితో చెప్పలేను.

ఆ గంటలో నాకు వేరే పని ఉంది. పోయిన సోమవారం ఉదయమే, ఎవరి అనుమతీ అడగకుండా, ఎస్తేరు నానమ్మకు ఒక్క మాట చెప్పి, పిల్లను వెంటబెట్టుకుని రెండో తరగతి గదిలోకి వెళ్ళాను.

"ఏడాదంతా కూర్చుంటారా ఏంటండీ?" అంది నానమ్మ అప్పుడు, ఇడ్లీ పాత్ర మూత తీస్తూ.

"కూర్చుంటాను."

"మోకాళ్ళో?"

"నావే కదా."

నన్ను లేవమనే ధైర్యం ఆ బడిలో ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. ఆఖరి వరసలో ఒక పొట్టి బల్ల మీద ఇద్దరం కూర్చుంటున్నాం. ఎస్తేరు ఇంకా నాతో మాట్లాడటం లేదు. గోడ వైపు తిరిగి, పుస్తకం మీద వేలు పెట్టుకుని గొణుక్కుంటుంది. శుక్రవారం నాడు మాత్రం, నా వైపు చూడకుండానే, బల్ల మీద మా మధ్య రోజూ అడ్డంగా పెట్టుకుంటున్న సంచిని తీసి కింద పెట్టింది.