మోకాలి నొప్పి అన్నందుకు

పెనాంగ్ సముద్రతీరం వెంట మలేషియాలోని మా బంటింగ్ ఊరి తెలుగువాళ్లం చేస్తున్న నడకయాత్రలో ఈ రోజు తేలిక రోజు. తేలికైనా నడకే కదా! మేం దిగిన జార్జ్ టౌన్‌లోనే ఒంటరిగా కూర్చుని చల్లటి కొబ్బరిపాల చెండోల్ తాగుదామని, మోకాలు నొప్పన్నాను. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పంటే మా అమ్మ ఒక్కతే కాపలా, ఇప్పుడు పదకొండుమంది.

"పెద్దోడిని ఒగ్గీసి ఎలిపోతామేటి లా?" అని, మలేషియావాళ్ల అలవాటుగా చివర "లా" తగిలించి, మా నాయకురాలు సరోజ అందరి నడకా మానిపించింది.

"మీరెల్లండమ్మా, నేను పడుకుంటాను."

"మాటాడకు మావా, కాలు సాపు!"

సాయంత్రం దాకా రెండు మోకాళ్లకూ తలా ఒక తైలం రుద్దారు. చెండోల్ తెప్పించుకుని నా మంచం చుట్టూ కూర్చుని తాగారు. నొప్పి ఉన్నవాడికి చల్లది పడదట. రేపు కుంటక తప్పదు. ఏ మోకాలన్నానో మరిచిపోయాను. కుడిదా, ఎడమదా? మీరే ఒకటి చెప్పండి, సరోజకు మాత్రం ఈ రాత చూపించకండి.