తాగని నీళ్ళు

ఈ ఉదయం బిలాస్‌పూర్ దగ్గరి బిల్హాలో ఒక రైతు ఇంటి అరుగు మీద కూర్చోగానే ఆ ఇల్లాలు ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఇక్కడ ఇంటికొచ్చినవాళ్ళకు ముందు నీళ్ళు, ఆ తర్వాతే మాటలు. చెంబు ఎత్తగానే చింతపండుతో తోమిన ఇత్తడి వాసన. మా వరహాలమ్మ మేడమ్ గుర్తొచ్చేశారు.

బిలాస్‌పూర్‌లో చదువుకునే రోజుల్లో నా పరిశోధనకు ఆవిడే గైడు. విజయనగరం నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో పాతుకుపోయిన కుటుంబం. పెద్ద డాక్టర్ల ముందు పల్లె ఆడవాళ్ళు ఎలా మాట్లాడతారన్నది నా అంశం. లింగియాడీహ్ అనే పల్లెలో ఇల్లిల్లూ తిరిగి అడిగొచ్చాను. అందరిదీ ఒకటే జవాబు, అంతా బాగుందని. మేడమ్ చదివి కాగితాలు పక్కకు నెట్టేశారు.

"ఏటే ఇది? ఇంత బాగున్న ఊరు లోకంలో ఎక్కడుంది? ఇలగైతే నేను సంతకం పెట్టను."

ఆ సంతకం లేకపోతే నా చదువంతా గంగపాలే.

మర్నాడు ఆవిడే నాతో ఆ పల్లెకు బయల్దేరారు. ఒక ఇంట్లో చెంబుతో నీళ్ళు రాగానే గటగటా తాగేశారు. నేను అలవాటుగా నా సీసా తీయబోతే కళ్ళెర్రజేశారు. సీసా వదిలేసి నేనూ చెంబే అందుకున్నాను. తర్వాత ఆవిడ అక్కడ చేరిన ఆడవాళ్ళతో హిందీలో, "అచ్ఛా, మొన్న ఇది మిమ్మల్ని అడిగింది కదా, ఇవాళ మీరు దీన్ని అడగండి," అన్నారు.

"పెళ్ళయిందా?" అంది ఒకామె. అందరూ గొల్లుమన్నారు. "మేం చెప్పింది ఎవరు చదువుతారు? డాక్టరుకు తెలుస్తుందా?" అంది ఇంకొకామె. అబ్బ, ఎంత సూటి ప్రశ్న! పేర్లు రాయనని మాటిచ్చాను. అప్పుడు ఒక ముసలామె నా దగ్గరకు జరిగింది. కోడలి కాన్పప్పుడు డాక్టరు చెప్పింది ఒక్క ముక్కా అర్థం కాలేదట. మళ్ళీ అడిగితే కసురుతాడేమోనని తలూపి వచ్చేసిందట. ఇక ఒకరి తర్వాత ఒకరు చెబుతూనే ఉన్నారు.

తిరిగొస్తూ ఆటోలో ఉండబట్టలేక అడిగాను. "మేడమ్, ఇది మీకెవరు నేర్పారు?"

"ఇన్నాళ్ళకి నన్నో ప్రశ్న అడిగావే పిల్లా! నువ్వూ నా ముందు తలూపడమే కదా," అని నవ్వారు. అప్పుడు చెప్పారు. "మా నాన్న రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు. క్వార్టర్ చూడ్డానికి ఆఫీసర్లొస్తే మా అమ్మ గ్లాసులు తోమి నీళ్ళట్టుకెళ్ళేది. ఒక్కరూ తాగలేదు. ఇల్లెలగుందని అడిగితే, బాగుందండీ అనేది. లోపలేమో కప్పు కారిపోతుండేది."

మేడమ్ ఇప్పుడు లేరు. ఉంటే ఇంకెన్ని అడిగేదాన్నో. ఈ ఉదయం చెంబు ఖాళీ చేసి కింద పెట్టాను. నేనింకా నోరు విప్పనేలేదు, ఆ ఇల్లాలే చెంగుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పమ్మా," అంది, "నువ్వెవరివి? మాతో నీకేం పని?"